నెమలిగాం పటంలో లేని ఇళ్లు

మెసైమీర్ క్యాంప్, దోహా, ఖతర్
16 నవంబరు 1979

అక్కా,

నేను రాజేశాన్ని. "ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమా" అంటూ సగం కాగితం ఖరాబు చేయొద్దని పోయినసారి తిట్టావు కాబట్టి నేరుగా సంగతిలోకి వస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందు చెప్పాలి. కవరు మీద దుబాయ్ అని రాయకు. ఇది ఖతర్. నువ్వు దుబాయ్ అని రాసిన ఉత్తరం నిజంగానే దుబాయ్ పోయి, నెల రోజులు తిరిగి తిరిగి నన్ను చేరింది. ఇక్కడికొచ్చి రెండేళ్లయినా నేనే అంత దేశం తిరగలేదు.

మా కంపెనీ పెద్ద ఇంజనీరు మదీనత్ ఖలీఫాలో ఉంటాడు. ప్రతి గురువారం స్టోర్ నుంచి కొన్ని సామాన్లు ఆ ఇంట్లో అప్పగించి రావడం నా డ్యూటీ. ఆయన భార్యను అందరూ ప్రైస్ మేడం అంటారు. ఇంగ్లిష్ మనిషనుకుని ఒకసారి అలాగే అన్నాను. ముఖం మాడ్చుకుంది. ఆమెది వేల్స్ అట, భాష కూడా వేరేనట. మనల్ని బొంబాయిలో మద్రాసీ అంటే మనకు మండదా, అట్లాగన్నమాట.

మొన్న గురువారం పోయేసరికి ఆమె డైనింగ్ టేబుల్ మీద పెద్ద కాగితం పరిచి ఇళ్లు గీస్తోంది. కొత్త సైటు ప్లాను అనుకున్నాను. వాళ్ల డ్రైవరు హమీదుద్దీన్ భాయ్ మన హైదరాబాదు మనిషి, తెలుగు కూడా బాగా వస్తుంది. ఆయన నవ్వి, "సైటు కాదు మియా, అది ఆమె పుట్టిన ఊరు. డ్యాం కట్టిన్రు, నీళ్లల్ల పోయింది" అన్నాడు.

అక్కా, చేతిలో సామాన్లు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. తెల్లవాళ్ల ఊళ్లు కూడా మునుగుతాయని నాకు తెలియదు. ఏదో పట్నం వాళ్లకు మంచినీళ్లు కావాలని పదిహేనేళ్ల కిందట ముంచారట. బడి, చర్చి, పోస్టాఫీసు, అన్నీ. ఆమె తలోదిక్కుకు పోయిన ఊరివాళ్లందరికీ ఉత్తరాలు రాస్తోంది. ఊరి గురించి చెప్పండి అని అడగదు. అట్లా అడిగితే "బాగుండేది" అని ఊరుకుంటారట. "మీ ఇంటి పక్కన ఎవరుండేవాళ్లు? ఆ పక్కన?" అని మాత్రమే అడుగుతుంది. అప్పుడు పెళ్లిళ్లు, కొట్లాటలు, ఎవరి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టిందో, అన్నీ వాటంతట అవే బయటికొస్తాయట. ఒక ముసలాయన పన్నెండు పేజీలు రాశాడు. ఆ ఊళ్లో చాకలివాళ్లు లేరట. సోమవారం సోమవారం ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కుని ఆరేసేవాళ్లట, ఊరంతా ఒకేసారి. ఈ సంగతి అవ్వకు చెప్పు, నవ్వుకుంటుంది.

మన నెమలిగాం మునిగి ఆరేళ్లయింది. మనకెవరు గీస్తారు? నేనే గీస్తాను. అవ్వ మనల్ని కని పెంచుతూనే నలభై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి మాసిన బట్టలు మూట కట్టుకొచ్చింది. ఆమెకు తెలిసినట్టు ఊరు పటేల్‌కు కూడా తెలియదు. వరసగా ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో చెప్పించి రాసి పంపు. నువ్వు ఏడో తరగతి పాసైంది ఎందుకు మరి?

నీ తమ్ముడు
రాజేశం

*

నెమలిగాం కాలనీ
9 డిసెంబరు 1979

రాజేశానికి,

కవరు మీద ఖతర్ అని పెద్ద అక్షరాలతో రాశాను. పోస్ట్‌మాన్ చూసి "ఇదెక్కడ?" అన్నాడు. "దుబాయ్‌లోనే" అని చెప్పాను.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపిస్తే ముందు ఒక్కటే అడిగింది. "ఆ దొరసానికి పెండ్లీడు బిడ్డ ఉన్నదా?" లేదని ఒట్టు పెట్టాల్సి వచ్చింది. తర్వాత ఇంకో అనుమానం. "మన ఇండ్లతోని ఆమెకేం పని? పన్ను గిట్ల ఏస్తరా?" ఆమె గీసేది ఆమె ఊరు, మనది నువ్వు గీస్తావని నాలుగుసార్లు చెప్పాను. సోమవారం ఉతుకుళ్ల సంగతికి మాత్రం నవ్వలేదు. "సాకలి లేకుంటె ఒక ఇంటి ముచ్చట ఇంకో ఇంటికి ఎట్ల తెలుస్తది? పాపం, ఎట్ల బతికిన్రో" అని జాలిపడింది.

అయితే ఇళ్ల వరస చెప్తాను గానీ ఇళ్లలో సంగతులు చెప్పనని తెగేసి చెప్పింది. మాసిన బట్టను చూస్తే ఆ ఇంట్లో ఎవరికి రోగమో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో అన్నీ తెలుస్తాయి కదా. "వాళ్లు నమ్మి ఇచ్చిన్రు. నమ్మి ఇచ్చింది రేవుల పిండాలె గాని ఊర్ల పిండద్దు" అంది.

నాలుగు పొద్దుటిపూటలు పట్టింది. నేను బీడీలు చుడుతూ కూర్చుని అడిగితే ఆమెకు పది ఇళ్ల తర్వాత అంతా కలగాపులగమైపోయింది. విసుగొచ్చి లేచింది. భుజం మీద మూట ఉన్నట్టే చెయ్యి ఎత్తి పట్టుకుని ఈ రేకుల షెడ్డు ముందు నడవడం మొదలుపెట్టింది. నడుస్తుంటే ఒక్కటీ తప్పలేదు. అక్కడ మూల తిరగాల్సిన చోట ఇక్కడ కూడా తిరిగింది. కరణం అరుగు దగ్గర వంగింది, అక్కడ చూరు కిందికి ఉండేదట. మోకాళ్ల నొప్పి అని మూలిగే మనిషి నాలుగు రోజులు ఊరంతా తిరిగింది. దారినపోయేవాళ్లు ఏమైందని అడిగితే, "దుబాయ్‌ల మా తమ్ముడు ఊరు కడుతున్నడు" అని చెప్పాను.

ఎనభై ఆరు ఇళ్లు. జాబితా దీనితోపాటే పెట్టాను. మీ బావ దాన్ని చూసి "సదువుకున్నోనికన్న సాకలోడు మేలని ఊకెనే అన్నరా" అన్నాడు. ఇంత శ్రమ దేనికని మాత్రం నేను అడుగుతాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, సొంత ఇల్లు లేనివాళ్లం ఊరి పటం గీయించడమేమిటి? గీయి, సరే.

గంగామణి

*

మెసైమీర్ క్యాంప్, దోహా
25 జనవరి 1980

అక్కా,

పటం అయింది! తపాలా గొట్టంలో పెట్టి పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పు. ఇది ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక దుకాణంలో హమీదుద్దీన్ భాయ్ తీయించిన నకలు. అసలుది నా పెట్టెలో ఉంది.

ఐదు శుక్రవారాలు పట్టింది. మన కాపుల గంగన్న మామ ఇక్కడే మేస్త్రీ. ఆయన, ఇంకో ముగ్గురు మనూరివాళ్లు నా మంచం చుట్టూ చేరారు. సైటులో పారేసిన ప్లాను కాగితం వెనక గీశాం. కొలబద్ద పట్టుకున్నది గంగన్న మామ, అవ్వ జాబితా చదివింది నేను. వడ్లవాళ్ల ఇల్లు బాయికి ఇవతలా అవతలా అని రెండు గంటలు కొట్లాడుకున్నారు. మాటా మాటా పెరిగి, "యల్లా, లేవండి ఇక్కడి నుంచి" అని పక్క మంచం కేరళ ఆయన మమ్మల్ని బయటికి తోలాడు. బయట ఇసుకలో కూర్చుని గీశాం. చివరికి అవ్వ చెప్పిందే నిజమని తేలింది, ఇవతలే. గంగన్న మామ అంత కటువైన మనిషి, తన ఇల్లు గీసి దాని మీద పేరు రాయగానే తువ్వాలుతో ముఖం తుడుచుకుని చాయ్ కోసమని లేచిపోయాడు.

ప్రైస్ మేడంకు చూపించాను. చాలాసేపు చూసింది. ఆమె పటానికి మాత్రం పెద్ద చిక్కొచ్చి పడింది. అది విని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ ఊళ్లో రాతి గని వెనక ఒక వరస ఇళ్లుండేవట. ఐర్లండ్ నుంచి పనికొచ్చిన కూలీలవి. వాళ్లు వేరే చర్చికి పోయేవాళ్లట. ఆమె గానీ, ఆ పన్నెండు పేజీల ముసలాయన గానీ, ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ వరస సంగతే ఎత్తలేదు. ఆ వరసలో పుట్టిన ఆడమనిషి ఒకామె ఎట్లాగో విని "మేం ఏ ఊళ్లో పుట్టామో దయచేసి తెలియజేయగలరు" అని రాసిందట. మేడం ఆ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదని హమీదుద్దీన్ భాయ్ చెప్పాడు. ఇప్పుడు మొత్తం మళ్లీ గీస్తోంది. చెప్పు అక్కా, ఒక వరస వరసంతా మరిచిపోతారా ఎవరైనా? మన అవ్వలాంటి మనిషి లేకపోతే ఊళ్ల గతి అంతే.

పటం అవ్వకు చూపించి ఏమందో రాయి.

రాజేశం

*

నెమలిగాం కాలనీ
14 ఫిబ్రవరి 1980

రాజేశం,

నీ పటం వచ్చింది. కాలనీవాళ్లంతా వచ్చి చూశారు. ఎవరి ఇల్లు వాళ్లు వేలు పెట్టి చూసుకున్నారు, కొందరు ఏడ్చారు. అందరూ పోయాక నేను కూడా వేలు పెట్టి వెతుక్కున్నాను. పటేల్ కొట్టం ఉంది. కొట్టం పక్కన వేపచెట్టు కూడా ఉంది. ఆ తర్వాత తెల్లకాగితం, ఆ తర్వాత వాగు.

మన ఇల్లేదిరా?

ఎనభై ఆరు ఇళ్లు గీసినవాడివి, చెట్టు గీసినవాడివి, పుట్టిన ఇల్లు గీయడానికి నీ చేతికేమైంది? నలుగురు కాపులు పక్కన కూర్చున్నారు కాబట్టి చాకలి గుడిసె గీయడానికి సిగ్గయిందా? స్టోర్‌లో కుర్చీ వేసుకుని కూర్చునే ఉద్యోగమొస్తే మూట మోసిన ఇల్లు గుర్తుండదులే. అవ్వ పటం చూసి "మంచిగున్నది" అని మాత్రం అంది. ఆమెకు అక్షరాలు రావు కాబట్టి బతికిపోయావు. నేను చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఊరు మునిగేముందు సర్కారువాళ్లు వచ్చి ఇళ్లు రాసుకుపోయినప్పుడు మన ఇల్లు పటేల్‌గారి రెండో గొడ్ల కొట్టమని రాశారు. జాగా ఆయనది, బట్టలు ఉతికే కూలి కింద మనకు ఇచ్చింది కదా. దానికి బదులు రావాల్సిన ఇంటి జాగా ఆయన కొడుకు పేరు మీదికి పోయింది. అందుకే ఆరేళ్లుగా బడి గోడ పక్కన ఈ రేకుల షెడ్డు. ఇప్పుడు ఇక్కడ రోడ్డు వేస్తారట, వానలు పడేలోపు తీసేయమని చెప్పిపోయారు. తప్పిపోయిన ఇళ్ల గురించి విచారణ పెట్టారు. మే నెల పన్నెండో తేదీ, నిజామాబాద్‌లో. ఇల్లుండేదని రుజువు తెమ్మన్నారు. కాగితం లేనివాళ్లు ఊరి పటం తెచ్చినా చూస్తారట. అది విని, తమ్ముడి పటం ఉంది కదా అని నేనెంత ధైర్యంగా ఉన్నానో తెలుసా? నీ పటం తీసుకుపోతే పటేల్ కొడుకే చూపిస్తాడు, "చూడండి సార్, వాళ్ల కొడుకే ఇల్లు గీయలేదు" అని.

ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు.

గంగామణి

*

మెసైమీర్ క్యాంప్, దోహా
29 ఫిబ్రవరి 1980

అక్కా,

తిట్టు. ఎంత తిట్టినా పడతాను. కానీ సిగ్గుతో గీయకపోవడం కాదు, అది నమ్ము.

నీ ఉత్తరం అందిన రోజు అవ్వ జాబితా తీసి మళ్లీ చదివాను. మొదటి ఇల్లు పటేల్‌ది. చివరిది కుమ్మరి వాళ్లది. మన ఇల్లు అందులోనే లేదు. ఎందుకుంటుంది? ఆమె మన గడప దిగి బట్టల కోసం బయలుదేరింది, తిరిగొచ్చి మన గడప ఎక్కింది. తన ఇంట్లో తాను మాసిన బట్టలు అడగదు కదా! ఆమె చెప్పింది చెప్పినట్టు రాశావు నువ్వు, రాసింది రాసినట్టు గీశాను నేను. ముగ్గురం కలిసి మన ఇంటిని మనమే ముంచాం. ఇందులో ఎవరిది ఎక్కువ తప్పో నాకు తెలియదు, పటం గీసిన చెయ్యి మాత్రం నాది.

సిగ్గు సంగతి ఎత్తావు కాబట్టి ఇంకొకటి చెప్పేస్తాను. నాకు స్టోర్‌లో కుర్చీ లేదు. స్టోరే లేదు. నేను క్యాంప్ లాండ్రీలో ఉన్నాను. ఆరు వందల మంది బట్టలు మిషన్లలో వేసి, తీసి, ఆరేసి, ఇస్త్రీ చేస్తాను. ప్రతి గురువారం ఇంజనీరు ఇంటికి తీసుకుపోయే సామాన్లు ఇస్త్రీ చొక్కాలే. బొంబాయిలో ఏజెంటు ఏ పని వచ్చని అడిగితే ఏ పనీ రాదని ఎట్లా చెప్పను? అవ్వ కడియాలు అమ్మి పంపింది నేను మూట ఎత్తకూడదని. విమానం దిగిన మూడో రోజే ఎత్తాను. రెండేళ్లుగా ఈ అబద్ధం మోయడం మూట కన్నా బరువైంది. అవ్వకు చెప్పాలా వద్దా నీ ఇష్టం. చెప్పడమే మంచిదనిపిస్తోంది.

ఇల్లు గీస్తాను. ఇంకో నకలు పంపుతాను. విచారణలో సాక్ష్యం కూడా అడుగుతారని హమీదుద్దీన్ భాయ్ అంటున్నాడు. మన ఇల్లు చూసినవాళ్లు, పక్కన ఉన్నవాళ్లు ఎవరైనా కావాలి. ఎవరున్నారో చూడు. ఆ రేకుల షెడ్డు నుంచి మిమ్మల్ని రోడ్డు మీదికి పోనివ్వను అక్కా. ఇక్కడి నుంచి ఏం చేయగలనో అంతా చేస్తాను.

రాజేశం

*

నెమలిగాం కాలనీ
20 మార్చి 1980

తమ్ముడూ,

కోపంలో ఏదేదో రాశాను. మనసులో పెట్టుకోకు.

లాండ్రీ సంగతి అవ్వకు చెప్పాను. సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఆ మిషన్ల నీళ్లు మారుస్తరా, అన్ని బట్టలు ఒక్క నీళ్లల్లనేనా?" అని అడిగింది. తెలియదన్నాను. "అడుగు. మురికినీళ్లల్ల జాడిస్తె బట్ట కాదు, పేరు పోతది" అంది. అంతే, తిట్టలేదు. తన ఇంటిని తాను చెప్పడం మరిచిపోయానని తెలిసినప్పుడు మాత్రం తల కొట్టుకుంది.

సాక్ష్యం కోసం తిరిగాను. ఇల్లు ఎవరిదో పక్కింటివాళ్లే చెప్పాలట, రెండు దిక్కుల్లో ఏదో ఒక దిక్కువాళ్లు. ఒక దిక్కు పటేల్. ఇంక చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లు "మాకెందుకమ్మా పటేల్‌తోని" అన్నారు. రెండో దిక్కు చూస్తే నీ పటంలో వాగు ఉంది. కానీ వాగు కంటే ముందు ఇంకేముండేదో గుర్తు చేసుకో. మన పెరటి కంప దాటితే మాదిగవాడ. మొదటి ఇల్లు ఎల్లవ్వది.

మూడు కోసుల దూరంలో వాళ్ల కాలనీ. నేనూ అవ్వా పోయాం. ఎల్లవ్వ వాకిట్లో కూర్చుని మిరపకాయలు తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమని కూడా అనలేదు. నేను అంతా చెప్పాను. పటం పరిచి చూపించాను. ఆమెకూ చదువు రాదు గానీ వాగు ఎక్కడుందో అడిగి తెలుసుకుంది. వాగు మీద వేలు పెట్టి, "మా ఇండ్లు నీళ్లల్ల పోయినయి ఆరేండ్ల కింద. నీ తమ్ముడు మల్లొక్కపారి ముంచిండు" అంది.

ఎనభై ఆరు ఇళ్లంటే అవ్వ బట్టలు ఉతికిన ఇళ్లు. వాళ్ల బట్టలు మనం ఎన్నడూ ఉతకలేదు. ఉతకని ఇళ్లు ఊళ్లో లేనట్టే రాశాం. మన ఒక్క ఇల్లు లేదని నిన్ను అన్ని మాటలన్నాను కదా, వాళ్లవి ఇరవై రెండు లేవు. అది నా కంటికి కూడా ఆనలేదు.

అవ్వ తల దించుకుంది. ఎల్లవ్వ మళ్లీ మిరపకాయలు అందుకుని, "సాక్ష్యం చెప్త. చెప్పనని అంటలేను. ముందుగాల మా ఇరవై రెండు ఇండ్లు అందుల ఎక్కాలె, పేర్లతోని. గంతే కాదు, నా కొడుకు జలంధర్ ఆడనే ఉన్నడు గద, మీ తమ్ముని క్యాంపులనే. పటం గీసేటప్పుడు వాణ్ణి అడిగిండా?" అంది.

అడిగావా?

గంగామణి

*

మెసైమీర్ క్యాంప్, దోహా
4 ఏప్రిల్ 1980

అక్కా,

అడగలేదు.

ఐర్లండ్ వాళ్ల వరసను మరిచిపోయారని ప్రైస్ మేడంను చూసి నవ్వాను. ఆ నవ్వు నవ్విన నోటితో ఈ ఉత్తరం రాయడం కష్టంగా ఉంది.

జలంధర్ రాడ్ బెండింగులో పని చేస్తాడు. పనిలో వేసుకునే అతని డాంగ్రీ మీద 417 అని ఉంటుంది. ఏడాదిగా వారానికి రెండుసార్లు నా చేత్తోనే ఉతుకుతున్నాను. ఊళ్లో మనం ముట్టనివి ఇక్కడ కంపెనీ డ్యూటీ. అవ్వకు చెప్పు, నీళ్లు మూడుసార్లు మారుస్తాం, కానీ అన్ని బట్టలూ ఒక్క నీళ్లల్లోనే తిరుగుతాయి, గంగన్న మామవీ జలంధర్‌వీ. ఎవరి బట్టకూ ఏమీ కాలేదు. ఇన్నాళ్లూ ఇది మీకు రాయడానికి భయపడ్డాను. లాండ్రీ దాచడంలో సగం కారణం ఇదే.

మెస్‌లో జలంధర్‌కు ఎదురుగా కూర్చుని రోజూ అన్నం తింటాను. పటం గీసిన ఐదు శుక్రవారాలూ అతను మూడు మంచాల అవతల పడుకునే ఉన్నాడు. మేం కొట్లాడుకుంటుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

నీ ఉత్తరం తీసుకుని అతని దగ్గరికి పోయి మొత్తం చదివి వినిపించాను. వాళ్లమ్మ అన్న మాటలతో సహా. విన్నాడు. "ఏడాది సంది నా బట్టలు ఉతుకుతున్నవ్ అన్నా. నా జేబుల ఏమున్నదో నీకు ఎరుకే. నేను ఏ ఊరోణ్నో నీకు యాదికి రాలే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. నేను తప్పైందన్నాను. "మాటతోని కాదు. ఆ కాగితం ఇటియ్యి" అన్నాడు.

అసలు పటం ఇచ్చాను. నకలు మీద కాదు, దాని మీదే గీయమన్నాను. గంగన్న మామ, "అంతా ఐపోయినంక మళ్ల గీకుడు ఏంది, ఖరాబైతది" అని గొణిగాడు. "ఐపోలేదు మామా, సగమే గీసినం" అన్నాను. ఆయన లేచి పోయాడు. అరగంటకు మళ్లీ వచ్చి, కొలబద్ద తెచ్చి మంచం మీద పడేసి పోయాడు.

జలంధర్ ఇరవై రెండు ఇళ్లూ గీశాడు. ఒక్కో ఇంటి కింద పేర్లు, డప్పులు కాచుకునే జాగా, తోళ్లు నానబెట్టే లంద, వాళ్ల పోచమ్మ. అవేవీ నేను చూడలేదక్కా. నేను పుట్టిన ఇంటికి నలభై అడుగుల దూరంలో ఉన్నాయి. తర్వాత మన ఇల్లు కూడా తనే గీస్తానన్నాడు. "ముంగటి దిక్కు నాకు ఎరుక లేదు. ఎనుక దిక్కుకెళ్లి గీస్త" అని పెరటి కంప, బట్టలారేసే దండెం, కూలిన గోడ మూల, అన్నీ గీశాడు. ఆ కంప వాళ్లెవరూ బట్టలు తాకకూడదని మనవాళ్లు పెట్టిందేనట. నేను మేకల కోసం అనుకునేవాణ్ని.

ఇప్పుడు పటంలో నూట తొమ్మిది ఇళ్లున్నాయి. అసలుదే పంపుతున్నాను. హమీదుద్దీన్ భాయ్ చుట్టం ఒకాయన హైదరాబాదు వస్తున్నాడు, చేతికిచ్చి పంపాను. ఎల్లవ్వకు ముందు చూపించు. ఆ తర్వాతే ఆఫీసుకు తీసుకుపో.

రాజేశం

*

నెమలిగాం కాలనీ
18 మే 1980

తమ్ముడూ,

ఇల్లు ఉండేదని రాసుకున్నారు. మూడో వరసలో జాగా ఇస్తామన్నారు, కాగితం కూడా చేతికొచ్చింది. నువ్వు ముందు ఊపిరి పీల్చుకో. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు చెప్పినట్టు పటం ముందు ఎల్లవ్వకు చూపించాం. ఇరవై రెండు పేర్లూ చదివించుకుంది. ఒక పేరు తప్పు రాశాడని కొడుకును తిట్టి, దిద్దించింది. పన్నెండో తేదీన మాకన్నా ముందే బస్టాండుకు వచ్చి నిలబడి ఉంది.

ఆఫీసులో పటేల్ కొడుకు కూడా ఉన్నాడు. "పటాలు ఎవలన్న గీస్తరు సార్. అది మా కొట్టమే" అన్నాడు. ఆఫీసరు ఎల్లవ్వను పిలిచి, "అది కొట్టం కాదు, వీళ్ల ఇల్లని నీకెట్లా తెలుసు? ఎప్పుడైనా లోపలికి పోయావా?" అని అడిగాడు.

ఎల్లవ్వ అవ్వను చూపిస్తూ ఏమందో ఒక్క ముక్క వదలకుండా రాస్తున్నాను.

"లోపటికి ఎవరు రానిస్తరు సారూ. నా పెండ్లయిన కొత్తల, మా తల్లిగారు పెట్టిన చీరకు మరకలైనయి. అది పట్టుకొని ఈ సాయవ్వ కడప ముంగట నిలబడ్డ, జర ఉతుకుమని. ఉతుకనన్నది. నేను పొయ్యేదాక ఆగి, నా నీడ పడ్డదని కడప కడుక్కున్నది. ఎనుకకు మలిగి చూసిన, అందుకే ఎరుక. ఆ కడపకు పసుపు ఉండె, బొట్లుండె. గొడ్ల కొట్టానికి పసుపు కడప ఉంటదా? గొడ్ల కొట్టం ముంగట నిలబడి చీర ఉతుకుమని ఎవరన్న అడుగుతరా సారూ?"

ఆఫీసరు అవ్వ వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు. కాదంటే ఇల్లు పోతుంది. అవునంటే అంతమంది ముందు ఆ మాట ఒప్పుకోవాలి. అవ్వ ఆలోచించను కూడా లేదు.

"నిజమే సారూ" అంది. "అడిగింది. నేను ఉతుకలే. కడప కడుక్కున్న."

ఆయన రాసుకున్నాడు. పటేల్ కొడుకు ఇంకేదో అనబోతే చాలన్నాడు.

బయటికొచ్చాక వేపచెట్టు కింద అవ్వ ఎల్లవ్వ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. "ఆ చీర ఉన్నదా ఎల్లవ్వా? ఇయ్యి, ఉతికి పెడత" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎల్లవ్వకు రాలేదు. "ఎక్కడి చీర. ఎన్నడో చినిగి పొత్తిగుడ్డలాయె" అని బస్సు వైపు నడిచింది.

బస్సులో ఎల్లవ్వ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది. అవ్వ పోయి దాని దగ్గర నిలబడి, "కూసుంట ఎల్లవ్వా" అని అడిగింది. ఎల్లవ్వ తల తిప్పకుండా కిటికీలోంచే చూసింది. తర్వాత, "జర నిలబడు" అంది.

అవ్వ నిలబడింది. నేను లేచి నా సీటు ఇస్తానంటే చేత్తో వద్దని సైగ చేసింది. ఆ మోకాళ్లతో, పైన కడ్డీ పట్టుకుని, ఎల్లవ్వ దిగాల్సిన ఊరు వచ్చేదాకా అట్లాగే నిలబడి వచ్చింది.

నీ అక్క
గంగామణి